కార్డు పనిచేస్తుందా సార్?

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కిటికీ పక్కన కూర్చుని, రెండోసారి రాత్రి పెన్సిలు పట్టుకుని. వార్సాలో చదువుకుని గుంటూరు తిరిగొచ్చిన పిల్ల అక్కడి వాళ్ల దుఃఖం గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, అందుకే మొహమాటపడకుండా చెబుతున్నాను. మొదటి మూడు పేజీలు తీసెయ్.

"2010 ఏప్రిల్ 10న పోలండ్ దేశమంతా శోకసంద్రంలో మునిగిపోయింది" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం మన పేపర్లలో ఎప్పుడూ తయారుగా ఉంటుంది, పేరూ తేదీ మారిస్తే చాలు. అది చదివాక నాకు వార్సా కనపడలేదు. రష్యాలోని స్మోలెన్‌స్క్ దగ్గర కూలిన విమానంలో ఉన్న 96 మందీ చనిపోయారనీ, వాళ్లలో అధ్యక్షుడు లేహ్ కచిన్‌స్కీ, ఆయన భార్య, సైన్యాధిపతులు, రిజర్వు బ్యాంకు లాంటి వాళ్ల బ్యాంకు అధిపతి ఉన్నారనీ వరుసగా రాశావు. అన్నీ నిజాలే, కానీ ఒక్కరి ముఖమూ నా కళ్లముందుకు రాలేదు. అదే జాబితాలో ఆనా వాలెంటినోవిచ్ అనే పెద్దావిడ పేరు కూడా ఉంది కదా, గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో క్రేన్ నడిపిన మనిషి, 1980లో ఆమెను ఉద్యోగంలోంచి తీసేసినందుకే కార్మికులు సమ్మెకు దిగారు, అందులోంచే సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. ఆమెను ఒక్క వాక్యంలో దాటేశావు. నీకు ఆమె మీద ఎందుకు మనసు నిలవలేదో నాకు అర్థం కాలేదు.

నేనూ ఇదే తప్పు చేశాను. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు పొద్దున బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కి చిత్తూరు జిల్లాకి బయల్దేరారు, కాసేపటికి ఆచూకీ లేదన్నారు. ఆ రోజు విజయవాడలో టీవీ ఉన్న ప్రతి దుకాణం ముందూ జనమే. ఏలూరు రోడ్డులో నేను నిలబడ్డ చోట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, కింద స్క్రోలింగ్ చదువుతూ నిలబడ్డారు, అంతే. నల్లమలలో వాన, చీకటి, వెతుకుతున్నారు, ఇంకా తెలియలేదు. రాత్రంతా అదే టెన్షన్. మర్నాడు పొద్దున, హెలికాప్టర్ కూలిన చోటుగా, పావురాలగుట్ట అనే పేరు మొదటిసారి విన్నాం.

మా వీధి చివర ఒకావిడ ఇస్త్రీ బండి పెట్టుకుని ఉండేది. వాళ్లాయనకి అంతకుముందు ఏడాదే ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ అయింది. నేను బట్టలు తీసుకోవడానికి వెళ్తే డబ్బులు పక్కన పెట్టమంది, ఇస్త్రీపెట్టె కింద పెట్టి, "కార్డు పనిచేస్తుందా సార్? మళ్లీ చెకప్‌కి వెళ్లాలి" అంది. అప్పటిదాకా ఏడ్చినట్టే ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ప్రశ్న అడిగినందుకు తనే సిగ్గుపడి, "పాపం, మంచి మనిషి" అని మళ్లీ అంది.

ఆ సాయంత్రం నేను ఒక వ్యాసం రాశాను. కన్నీటి సంద్రం, మూగబోయిన పల్లెలు, తల్లడిల్లిన గుండెలు అన్నీ రాశాను. ఆమెను రాయలేదు. ఆ ప్రశ్న స్వార్థంగా కనపడుతుందనీ, చనిపోయిన మనిషికి అగౌరవమనీ అనుకున్నాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒక పాలకుడు పోతే పేదింట్లో దుఃఖం, భయం ఒకే నోట ఎలా వస్తాయో ఆమె నాకు చూపించింది, నేను దాన్ని ఇంటికి తీసుకెళ్లి పారేశాను.

నీ దగ్గర అలాంటి మనిషే ఉంది. నువ్వు అద్దెకున్న ఇంటావిడ. నాలుగో పేజీలో వస్తుంది, ఆరో పేజీలో మాయమైపోతుంది. ఆవిడ కచిన్‌స్కీకి ఓటు వెయ్యలేదు, బతికున్నంతకాలం ఆయన్ని తిట్టింది, అయినా శవపేటికను అధ్యక్ష భవనంలో ఉంచినప్పుడు గంటలకొద్దీ క్యూలో నిలబడింది. వారం తిరక్కుండానే ఆయన్ని క్రాకోవ్‌లో, రాజులను పూడ్చిన వావెల్ చర్చిలో పూడుస్తామంటే వద్దని గొడవపడింది. ఆ గొడవలోనే తమ్ముడితో మాటలు పోయాయి, ఇప్పటికీ మాట్లాడరు. ఇంత పెద్ద విషయాన్ని నువ్వు రెండు లైన్లలో చెప్పేసి మళ్లీ కొవ్వొత్తుల వర్ణనకి వెళ్లిపోయావు! ఆ రెండు లైన్లే నీ కథ. మన దగ్గరా నిన్నటిదాకా తిట్టినవాళ్లు దండలు తెచ్చారు, వాళ్లను నటులని తేల్చెయ్యడం సులువు, కానీ చాలామంది నటించలేదు. ఆ ఇంటావిడ నటించలేదని నీకు తెలుసు, అది పాఠకుడికి కూడా తెలిసేలా రాయి.

కాటిన్ హత్యాకాండ గురించి నువ్వు పెట్టిన చరిత్ర అవసరమే, చోటు తప్పింది. 1940లో సోవియట్ రహస్య పోలీసులు దాదాపు 22,000 మంది పోలండ్ అధికారులను, చదువుకున్నవాళ్లను కాల్చేశారు, యాభై ఏళ్లు ఆ నేరం జర్మన్ల మీద తోశారు. వాళ్లకు నివాళి ఇవ్వడానికి వెళ్తూ అదే నేల దగ్గర, స్మోలెన్‌స్క్‌లో, విమానం కూలింది. ఇది తెలియకపోతే జనం ఎందుకంత వణికిపోయారో మన పాఠకుడికి అందదు. కానీ పాఠంలా చెప్పకు. ఆవిడ తాతో, పక్కింటాయనో, ఎవరో ఒకరు ఆ ఊరి పేరు వినగానే గ్లాసు కింద పెట్టి ఉంటారు, అక్కడ చెప్పు. 2002లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చెరువులో పడిందని విన్నప్పుడు కొల్లేటి వైపు పుట్టిన మాకు ఎవరూ ఏమీ వర్ణించనక్కర్లేదు, చెరువు అన్న మాటకే ఒళ్లు చల్లబడింది.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతాను. కథ చివర ప్రమాదం వెనక కుట్ర ఉందేమో అన్నట్టు ఒక పాత్ర చేత అనిపించి అక్కడే వదిలేశావు. వద్దు. దట్టమైన పొగమంచులో మరీ కిందకి దిగి విమానం చెట్లకు తగిలిందని 2011లో రష్యా వాళ్లూ, పోలండ్ ప్రభుత్వ కమిషనూ ఇద్దరూ చెప్పారు. తర్వాతి ప్రభుత్వం వేసిన కమిటీ పేలుడు అంది, దేశం ఈ రెండింటి మధ్య చీలిపోయి ఉంది. పాత్రలు నమ్మొచ్చు, నమ్మకం వాళ్ల హక్కు. కానీ నువ్వు సస్పెన్స్ కోసం దాన్ని వాడుకోకు. 2010 జనవరిలో రాజశేఖరరెడ్డి గారి మరణం మీద ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన కుట్ర కథను మన టీవీ చానల్ ఒకటి చూపిస్తే ఆ రాత్రే రాష్ట్రంలో దుకాణాల అద్దాలు పగిలాయి. ఆయన హెలికాప్టర్‌లో నూనె పీడనం హెచ్చరిక ఏమిటో తేల్చుకోవడానికి పైలట్లు మాన్యువల్ చూస్తూ ఉండిపోయారని విచారణ కమిటీ చెప్పిన మాట మాత్రం ఎంతమంది చదివారు? ఆ దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు మన వీధుల వాళ్లే.

భాష బాగుంది, నీ వాక్యాలు కాస్త పొడుగైనా పర్వాలేదు, అక్షరదోషాలు పెన్సిలుతో దిద్దాను.

ఇంటావిడ నంబర్ నీ దగ్గర ఉందన్నావుగా. ఫోన్ చెయ్. ఆ రోజు శనివారం, అక్కడ పొద్దున తొమ్మిదవుతుండగా వార్త వచ్చింది. అప్పుడు పొయ్యి మీద ఏముందో అడుగు. మొదట ఎవరికి ఫోన్ చేసిందో అడుగు. అది తమ్ముడికే అయితే, కథ అక్కణ్నించి మొదలుపెట్టి నాకు పంపు.

మీ బాబాయి
విజయవాడ