తమ్ముడి మాత్రలు మీరెందుకు వేసుకున్నారు?

ప్రశ్న: నా వయసు 34. మా తమ్ముడికి క్రోన్స్ అనే దీర్ఘకాలిక పేగు వాపు వ్యాధి ఉంది. నాలుగు నెలలుగా నాకూ విరేచనాలు అవుతున్నాయి, అప్పుడప్పుడు రక్తం పడుతోంది. తమ్ముడి స్టెరాయిడ్ మాత్రలు వారం రోజులు వేసుకుంటే తగ్గి, మళ్లీ మొదలైంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతుంటాను. జన్యు పరీక్ష చేయించుకోవాలా? మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్స్ వాడితే చాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: జన్యువుల సంగతి తర్వాత. నాలుగు నెలలుగా రక్తం పడుతుంటే ఇంతవరకూ ఎవరికీ చూపించుకోలేదా?

అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. క్రోన్స్‌తో ముడిపడిన నాడ్2 జన్యువును 2001లో గుర్తించారు. బ్యాక్టీరియా గోడ తునకలను పసిగట్టడం దాని పని. చిన్నపేగు ముడతల అడుగున ఉండే పానెత్ కణాలు సూక్ష్మజీవులను అదుపు చేసే ప్రోటీన్లను వదులుతాయి. మరికొన్ని కణాలు జిగురుపొర తయారు చేస్తాయి. ఈ కాపలా సడలి, మేలుచేసే బ్యాక్టీరియా కూడా తగ్గితే రోగనిరోధక వ్యవస్థ పేగుమీదే తిరగబడుతుంది. అయినా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి క్రోన్స్ వచ్చినా, సగానికి పైగా జంటల్లో రెండోవారికి రాదు. పైగా ఐరోపావారిలో కనిపించే ప్రధాన నాడ్2 మార్పులు మనవారిలో చాలా అరుదు. అందుకే ఆ పరీక్షకు డబ్బు పోయకండి. ప్రోబయోటిక్స్‌తో క్రోన్స్ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

నన్ను భయపెట్టేది ఆ స్టెరాయిడ్. మన దేశంలో పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే రెండూ ఎక్కువగా కూర్చుంటాయి. క్షయ ఉన్నవారు స్టెరాయిడ్ వేసుకుంటే నాలుగు రోజులు హాయిగా ఉండి, ఆపైన జబ్బు విజృంభించవచ్చు. మొన్న ఒకాయన సంచిలోంచి అరడజను స్ట్రిప్పులు తీసి నా బల్లమీద పరిచారు. సగం వాటిమీద పేర్లు చిరిగిపోయి ఉన్నాయి. ఏది ఎందుకు వేసుకున్నారో ఆయనకే తెలియదు! డైక్లోఫెనాక్ కూడా పేగును పుండు చేయగలదు, దాన్ని ఆపండి. కీళ్లనొప్పి పేగు జబ్బులో భాగమే కావచ్చు.

చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను. ఈ వారమే గ్యాస్ట్రో ఎంటరాలజిస్టును (జీర్ణకోశ వైద్య నిపుణుణ్ని) కలవండి. రక్త, మల పరీక్షలు, పెద్దపేగులోకి గొట్టం పంపి చూసి, పరీక్షకు చిన్న ముక్క తీసే కొలనోస్కోపీ, క్షయ పరీక్ష అవసరం కావచ్చు. వేసుకున్న మందులన్నీ దాచకుండా చెప్పండి. జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, ఎక్కువ రక్తం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

మీ తమ్ముడి పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. అతనికి మాత్రలు తక్కువ పడ్డాయేమో అదీ అడగండి. అతను స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపకూడదు.