76 ఏళ్ల నాన్నగారు, నా పేరు మీద కారు: చట్టం ఏమంటోంది?

ప్రశ్న: మా పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు రిటైర్డ్ లెక్చరర్, వయసు 76. నేను విజయవాడ పటమటలో ఉంటాను. ఆయన వాడే కారు నేనే కొన్నాను, ఆర్‌సీ నా పేరు మీద ఉంది. ఆదివారం వచ్చిందంటే తానే నడుపుకుంటూ మా ఇంటికి వచ్చి, సాయంత్రం పొద్దుపోయాక తిరిగి వెళ్తారు. ఈమధ్య కాజ టోల్‌గేట్ దగ్గర ముందు కారు బంపర్‌కి తగిలించారు. తర్వాత మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కి గీసుకుంది. రాత్రిపూట ఎదురు లైట్లు కళ్లలో పడుతున్నాయని ఆయనే అంటారు. మానేయమంటే మాత్రం "లైసెన్స్ 2027 మే దాకా ఉంది, నన్నెవరూ ఆపలేరు" అంటారు. 75 దాటితే లైసెన్సే ఇవ్వకూడదని, లేదంటే మళ్లీ టెస్ట్ పెట్టాలని మా తమ్ముడి వాదన. ఇంతకీ వయసు పరిమితి ఉందా? ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? నా మీద కేసు వస్తుందా? ఆర్టీఏకి రాస్తే ఆయన లైసెన్స్ ఆపుతారా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ నాన్నగారు, మీ తమ్ముడు చెరో సగం కరెక్ట్. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో నాలుగో సెక్షన్ కనీస వయసు మాత్రమే చెబుతుంది. మామూలు బండికి 18, ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి 20, 50 సీసీ లోపు మోటారు సైకిల్‌కి 16. పై వయసు గురించి ఒక్క ముక్క లేదు. ఒంట్లో ఓపిక, కంట్లో చూపు, జేబులో గడువున్న లైసెన్స్ ఉంటే తొంభై ఏళ్లాయన కూడా బెంజి సర్కిల్‌లో కారు నడపవచ్చు.

అలాగని చట్టం వయసును అసలు పట్టించుకోలేదని కాదు. 2019 సవరణ తర్వాత, సొంత బండి లైసెన్స్ ముప్ఫైలోపు వాళ్లకి నలభయ్యో ఏడు వచ్చేదాకా ఇస్తారు. 30 నుంచి 50 లోపు వారికి పదేళ్లు. 50 దాటి 55 నిండనివారికి అరవయ్యో ఏటి వరకు. 55 నిండాక అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సిందే. నలభై దాటిన ఎవరైనా రెన్యువల్‌కి వెళ్తే డాక్టర్ ఇచ్చిన 1ఏ ఫారం జత చేయాలి. అంటే 2022లో మీ నాన్నగారు కూడా ఆ ఫారం ఇచ్చే ఉంటారు. ఆ రోజు డాక్టర్ ఆయన కళ్లు చూశారా, ఫారం చూసి సంతకం పెట్టారా అని ఒకసారి అడగండి.

ఎందుకంటున్నానంటే, అసలు సమస్య ఇక్కడే ఉంది. ఈ ఫారాల్లో అడిగేవి చిన్న విషయాలేమీ కావు. మంచి పగటి వెలుతురులో, కళ్లజోడు ఉంటే పెట్టుకునే, 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటు చదవగలరా? రేచీకటి ఉందా? మూర్ఛ గానీ, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం గానీ ఉందా? మామూలు హారన్ వినపడుతుందా? చేతులు, కాళ్లు బండిని అదుపు చేయగలిగేలా ఉన్నాయా? వీటన్నిటికీ నిజమైన జవాబులు రాస్తే మీ తమ్ముడు కోరే వడపోత చాలావరకు అందులోనే జరిగిపోతుంది. కానీ చాలామంది దీన్ని జిరాక్స్ కాగితంతో సమానంగా చూస్తున్నారు. పేషెంట్ ముఖం చూడకుండానే సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్లు ఉన్నారు, అలాంటి డాక్టర్ ఎక్కడున్నాడో చెప్పే ఏజెంట్లూ ఉన్నారు. చట్టం తలుపు పెట్టింది, మనం గడియ తీసేశాం. ఇక 75 అని కొత్తగా ఒక గీత గీసినా, అదే సంతకంతో దాన్నీ దాటేస్తారు.

అందుకే వయసు పరిమితి వాదనతో నేను ఏకీభవించను. 76 ఏళ్ల మనిషి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, షుగర్ అదుపులో పెట్టుకుని చక్కగా నడపవచ్చు. 50 ఏళ్లాయనకి నీటికాసులు వచ్చి పక్క చూపు పోయి ఉండవచ్చు. ఆ జబ్బుతో ఎదురుగా ఉన్న నంబర్ ప్లేటు చదివేస్తారు, పక్క సందులోంచి వచ్చే స్కూటర్ మాత్రం కనపడదు. షుగర్ ముదిరి పాదాలు తిమ్మిరెక్కిన వాళ్లకి బ్రేకు మీద కాలు ఉందో ఆక్సిలరేటర్ మీద ఉందో తెలియదు. నిద్రమాత్రల మత్తు పొద్దున దాకా వదలనివాళ్లూ ఉంటారు. ఇవేవీ ఆధార్‌లోని పుట్టిన తేదీ చూసి పట్టుకునేవి కావు. డెబ్భై దాటాక ప్రతి రెన్యువల్‌కీ కంటి డాక్టర్ పరీక్ష, దాంతోపాటు కాసేపు రోడ్డు మీద నడిపించి చూడడం తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం. ప్రస్తుతానికి అది అభిప్రాయం మాత్రమే. మన చట్టంలో వయసు కారణంగా మళ్లీ టెస్ట్ లేదు. లైసెన్స్ గడువు తీరి ఏడాది దాటిన తర్వాత రెన్యువల్‌కి వెళ్తేనే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పెడతారు.

మీ తమ్ముడు విదేశాల మాట ఎత్తి ఉంటారు కాబట్టి ఒక్క ముక్క. జపాన్‌లో 75 దాటినవాళ్లకి రెన్యువల్ సమయంలో జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్ష ఉంది. వారిలో కొన్ని రకాల ట్రాఫిక్ తప్పులు చేసినవాళ్లకి 2022 నుంచి నడిపి చూపించే పరీక్ష కూడా పెట్టారు. బ్రిటన్‌లో 70 నిండాక మూడేళ్లకోసారి రెన్యువల్. ఫలానా వయసు దాటితే ఇక బండి ముట్టుకోకూడదని ఆ రెండు దేశాలూ చెప్పలేదు.

ఇప్పుడు మీ సంగతి. కారు మీ పేరు మీద ఉందన్నారు, దానివల్ల మీకు భయపడాల్సిన విషయమూ ఉంది, చేతికి ఒక పట్టూ దొరికింది.

భయం సంగతి ముందు చెబుతాను. లైసెన్స్ లేనివాళ్లకి బండి ఇస్తే యజమాని మీద 180వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు, మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మీ నాన్నగారికి లైసెన్స్ ఉంది కాబట్టి ఈరోజుకి అది మీకు వర్తించదు. 2027 మేలో గడువు తీరిన మర్నాటి నుంచి మాత్రం వర్తిస్తుంది. పాత రోజుల్లో గడువు తర్వాత ముప్ఫై రోజులు లైసెన్స్ చెల్లేది, 2019 సవరణలో దాన్ని తీసేశారు. "నెల రోజులు టైముందిలే" అని ఇంకా అనుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొకటి, ఎక్కువమందికి తెలియనిది. డ్రైవింగ్‌కి పనికిరాని జబ్బు గానీ లోపం గానీ తనకు ఉందని తెలిసీ, ఇతరులకు ప్రమాదమయ్యేలా రోడ్డు మీద బండి నడిపితే 186వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి 1,000 రూపాయల వరకు, ఆ తర్వాత 2,000 వరకు జరిమానా. చిన్న మొత్తమే. అయితే ఆ నేరానికి ప్రోత్సహించినవాళ్లకీ అదే శిక్ష అని 188వ సెక్షన్ చెబుతోంది. రాత్రి ఆయనకు కనపడడం లేదని మీకు తెలుసు, మీరే ఉత్తరంలో రాశారు. తెలిసి కూడా తాళాలిచ్చి పంపారని రేపు ఎవరైనా వాదిస్తే జవాబు చెప్పుకోవడం తేలిక కాదు. ఎవరి ప్రాణమైనా పోతే నడిపిన మనిషి మీద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు అవుతుంది, అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. పెద్దవయసు శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుందేమో గానీ, నేరం లేదనడానికి పనికిరాదు.

ఇన్సూరెన్స్ దగ్గర కొంత ధైర్యంగా ఉండవచ్చు. అవతలివాళ్లకి ఇచ్చే పరిహారం, అంటే థర్డ్ పార్టీ క్లెయిమ్ తప్పించుకోవడానికి కంపెనీ ఏయే కారణాలు చూపవచ్చో 150వ సెక్షన్‌లో లెక్క ఉంది. లైసెన్స్ లేకపోవడం, లైసెన్స్‌కి అనర్హుడిగా ప్రకటించి ఉండడం, తాగి నడపడం లాంటివి అందులో ఉన్నాయి. డ్రైవర్ ముసలివాడన్నది లేదు. గడువున్న లైసెన్స్ ఉంటే ఆయనకి 76 ఏళ్లన్న సాకుతో కంపెనీ చేతులు దులుపుకోలేదు. లైసెన్స్ గడువు తీరి ఉంటే కథ మారుతుంది. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దారిలో, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లు చాలాసార్లు ముందు కంపెనీ చేత బాధితులకి డబ్బు కట్టించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. ఆ యజమాని మీరే. మీ కారు రిపేరుకి వేసే సొంత డ్యామేజీ క్లెయిమ్‌లో కూడా కంపెనీ మొదట అడిగేది ప్రమాదం రోజున లైసెన్స్ ఉందా అనే.

ఆర్టీఏకి రాయవచ్చా అంటే, రాయవచ్చు. జబ్బు వల్లో లోపం వల్లో ఒక మనిషి బండి నడపడానికి పనికిరాడని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే, గడువు మధ్యలో కూడా లైసెన్స్ రద్దు చేసే అధికారం 16వ సెక్షన్ లైసెన్సింగ్ అధికారికి ఇచ్చింది. రద్దు చేయకుండా, ముందు మెడికల్ సర్టిఫికెట్ తెమ్మని కూడా అడగవచ్చు. రద్దు చేస్తే ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు ఆయనకి ఉంది. దీనికి "నాన్నగారికి వయసైపోయింది" అన్న మాట చాలదు, కంటి డాక్టర్ రిపోర్టు లాంటి కాగితం కావాలి. మీ స్థానంలో నేనుంటే దీన్ని ఆఖరి మెట్టుగానే ఉంచుకుంటాను. కన్నకూతురు తన మీద గవర్నమెంటుకి అర్జీ పెట్టిందన్న బాధ ఆయనకి లైసెన్స్ పోయినదానికన్నా పెద్దదవుతుంది. మతిమరుపు జబ్బు, మూర్ఛ లాంటివి బయటపడి, ఆయన ఎవరి మాటా వినకపోతే మాత్రం మొహమాటపడకండి.

అంతకన్నా ముందు మీ చేతిలో ఉన్న పట్టు, ఆర్‌సీ. కారు ఆయనదై ఉంటే, మతి స్థిమితంగా ఉన్న పెద్దమనిషి దగ్గర తాళాలు లాక్కునే హక్కు పిల్లలకి లేదు. ఇక్కడ కారు మీది. ఎవరు నడపాలో, ఎప్పుడు నడపాలో చెప్పే హక్కు మీదే. దాన్ని గొడవకి వాడకుండా బేరానికి వాడండి. ఈ ఆదివారం పగటిపూట ఆయన్ని పక్కన నిలబెట్టుకుని, వరసగా ఆగి ఉన్న ఆరు కార్లకి అవతల ఉన్న నంబర్ ప్లేటు చదవమనండి. సుమారుగా అదే 25 మీటర్లు. చదవలేకపోతే ఆయనకే అర్థమవుతుంది, మీరు నోరు విప్పక్కర్లేదు. చదివినా వదిలిపెట్టకుండా కంటి డాక్టర్ దగ్గర శుక్లాలు, నీటికాసులు, పక్క చూపు మూడూ పరీక్ష చేయించండి. ఎదురు లైట్లు కళ్లలో పడుతున్నాయంటే శుక్లం కావచ్చు, ఆపరేషన్‌తో నయమయ్యేది కావచ్చు. ఆ రిపోర్టు వచ్చేవరకు చీకటి పడ్డాక డ్రైవింగ్ లేదని, హైవే ఎక్కేది లేదని ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. బ్రాడీపేట నుంచి కూరగాయలకో గుడికో పగలు వెళ్తానంటే, పరీక్షలో తేడా రాకపోతే వెళ్లనివ్వండి.

రెన్యువల్‌కి గడువుకి ఏడాది ముందు నుంచి, అంటే 2026 మే నుంచి అప్లై చేసుకోవచ్చు. ఆన్‌లైన్లో స్లాట్ తీసుకునేముందు 1ఏ ఫారం పట్టుకుని ఆయన్ని డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి, ఏజెంట్ చేతికి ఇవ్వకండి. పాలసీ తేదీ కూడా అప్పుడే చూసుకోండి. ఆదివారం ప్రయాణానికి గుంటూరు నుంచి విజయవాడకి ఆర్టీసీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, అరవై దాటినవాళ్లకి టికెట్‌లో 25 శాతం తగ్గింపు ఇస్తారు. ఆధార్ కార్డు వెంట ఉంచుకోమనండి.