2000 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫ్లోరిడా ఓట్ల వివాదంలో డెమొక్రాటిక్ పార్టీ తీరు దాని ఓటర్లనే ఎందుకు నిరాశపరిచింది?

ఓటమికన్నా, పార్టీ గట్టిగా నిలబడలేదన్నదే చాలామంది ఆవేదన. ఫ్లోరిడాలో రిపబ్లికన్ అభ్యర్థి బుష్ ఆధిక్యం 537 ఓట్లే అయినా, డెమొక్రాటిక్ అభ్యర్థి అల్ గోర్ బృందం మొదట నాలుగు కౌంటీల్లోనే (జిల్లాల్లాంటివి) చేతి లెక్కింపు కోరింది. నా దృష్టిలో అదే పెద్ద పొరపాటు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పుతో రీకౌంటింగ్ ముగిసిపోగా, మర్నాడే గోర్ ఓటమిని అంగీకరించారు. అంతకన్నా మనసు నొప్పించిన దృశ్యం 2001 జనవరి 6న అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సంయుక్త సమావేశంలో కనిపించింది: ఫ్లోరిడా ఎలక్టోరల్ ఓట్లపై (అధ్యక్షుణ్ణి ఎన్నుకునేందుకు రాష్ట్రాల వారీగా లెక్కించే ఓట్లు) ప్రతినిధుల సభకు చెందిన నల్లజాతి సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి అభ్యంతరం చెబుతుంటే, నిబంధన ప్రకారం కావలసిన ఒక్క సెనేటర్ సంతకమూ లేనందున, ఉపాధ్యక్షుడి హోదాలో సభను నడుపుతున్న గోరే (ఓడిన అభ్యర్థీ ఆయనే) వాటిని తోసిపుచ్చవలసి వచ్చింది. 2004 ఎన్నికల తర్వాత ఒహాయో రాష్ట్ర ఎలక్టోరల్ ఓట్ల విషయంలో సెనేటర్ బార్బరా బాక్సర్ సంతకమైతే చేశారు గానీ, సెనేట్‌లో ఆ అభ్యంతరానికి పడినది ఆమె ఓటు ఒక్కటే.