అనంతపురం యాసతో డ్రామా స్కూల్‌లో సీటు వస్తుందా?

తమ్ముడూ, డిగ్రీ చివరి ఏడాది, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)లో చేరాలని ఉంది, మన యాస చూసి వెనక్కి పంపుతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. యాస గురించి దిగులొద్దు. అంత గొప్ప రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది మన తాడిపత్రిలోనే.

నీకు అసలు అడ్డం వేరే ఉంది. ఎన్‌ఎస్‌డీ మూడేళ్ళ కోర్సుకు డిగ్రీతోపాటు నాటకాల్లో చేసిన అనుభవం అడుగుతారు. హిందీ, ఇంగ్లీషు పనికొచ్చేంతైనా రావాలి. నువ్వు ఇంతవరకు స్టేజీ ఎక్కలేదన్నావు కదా, అందుకే ఈ ఏడాదే మన అనంతపురం లలిత కళా పరిషత్తు వైపు వెళ్ళి, నాటకం వేసేవాళ్ళని కలువు. చిన్న వేషమైనా ఒప్పుకో. వేసిన ప్రతి నాటకం కరపత్రం, ఫొటోలు దాచుకో.

రోజూ గొంతు సాధన చెయ్యి. నా మొదటి నాటకంలో ప్రతి వాక్యం చివర ఊపిరి చాలక "వస్తాను" కాస్తా "వస్తా..." అని గాల్లో కలిసిపోయేది, వెనక వరుసకు వినబడేదే కాదు. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో ఒక స్నేహితుణ్ణి ఆ చివర నిలబెట్టి, అరవకుండా, ఆఖరి అక్షరం వరకు అతనికి చేరేలా చెప్పడం నేర్చుకున్నాను. రెండు నెలలు పట్టింది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా రంగస్థల కళల్లో పీజీ ఉంది, దానికీ అప్లై చెయ్యి.