సాలెపురుగు, తేలు, జెర్రి, రొయ్య కూడా కీటకాలేనా? ఎలా గుర్తుపట్టాలి?

కావు. అన్నీ ఆర్థ్రోపోడా వర్గానివే. గట్టి పైపెంకు, కీళ్ల కాళ్లు అన్నిటికీ ఉంటాయి, పెరిగేటప్పుడు పాత పెంకు వదిలేస్తాయి. కానీ కీటకాలు అందులో ఒక శాఖ మాత్రమే.

ముందు కాళ్లు లెక్కపెట్టండి. ఆరు కాళ్లు, తల మీద ఒక జత మీసాలు (స్పర్శశృంగాలు), తల, రొమ్ము, ఉదరం అని మూడు భాగాల శరీరం ఉంటే కీటకం: చీమ, బొద్దింక, దోమ. రెక్కలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఎనిమిది కాళ్లుండి మీసాలు, రెక్కలు లేకపోతే సాలీడు బంధువు. తేలు ఈ కుటుంబమే. దాని ముందున్న పట్టుకునే డెక్కలు కాళ్ల లెక్కలోకి రావు. తొలకరిలో ఎర్రటి మఖమల్‌లా కనిపించే ఆరుద్ర పురుగు, పశువులకు పట్టే పిడుదులు కూడా ఇటువైపే. ఇక్కడో తిరకాసు ఉంది: పిడుదు పిల్లకు ఆరు కాళ్లే, మిగతా రెండు తర్వాత వస్తాయి. కాబట్టి మరీ చిన్నదాన్ని చూసి తేల్చేయకండి, మీసాలు వెతకడమే నయం.

రొయ్య, పీతలకు రెండు జతల మీసాలు, నడిచే కాళ్ల వరసలో పది కాళ్లు; పీత డెక్కలు కూడా ఆ పదిలోవే.

జెర్రికి ఒక్కో ఖండానికి ఒక జత కాళ్లు, రోకలిబండకు చాలా ఖండాలకు రెండేసి జతలు. పెరిగిన జెర్రికి కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యే, అందుకే సరిగ్గా వంద కాళ్ల జెర్రి దొరకదు. కుట్టేది జెర్రి; రోకలిబండ కుట్టదు, ముట్టుకుంటే చుట్టుకుపోతుంది, కానీ కొన్ని రకాలు చర్మాన్ని మండించే ద్రవం వదులుతాయి.