లూసెర్న్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జూన్ నెలలో అక్కయ్యనూ బావగారినీ పిల్లలనూ వెంటబెట్టుకొని స్విట్జర్లాండ్ వెళ్తున్నావని తెలిసి మీ అత్తయ్యా నేనూ ఎంతో సంతోషించాము. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు లూసెర్న్‌లో కాపురమున్నవాళ్లమే అయినా, ఇప్పుడు దగ్గరుండి చూపించే వీలు లేదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ట్రావెల్స్ వారు పంపిన పట్టికలో ఆ ఊరికి ఒక్క పూట మాత్రమే కేటాయించారు. బస్సు దిగి చెక్క వంతెన మీద ఫోటోలు దిగడం, సింహం శిల్పం చూడటం, చాక్లెట్లు కొనుక్కొని టిట్లిస్ కొండకు పరుగెత్తడం. మన వైపు నుంచి వచ్చే బృందాలలో చాలామందికి లూసెర్న్ అంతవరకే తెలుస్తుంది. మీరు మాత్రం కనీసం మూడు రాత్రులు అక్కడ ఉండండి. ఏ రోజు కొండ ఎక్కాలో, ఏ రోజు ఊరు చూడాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోకండి.

ఎందుకంటే అక్కడ రోజును నిర్ణయించేది వాతావరణమే. రాయిస్ నది సరస్సును విడిచి బయలుదేరే చోట, సముద్రమట్టానికి సుమారు 435 మీటర్ల ఎత్తున ఊరు ఉంది. ఒక పక్కన 2,128 మీటర్ల పిలాటుస్, మరో పక్కన 1,798 మీటర్ల రిగి. వేసవిలో పొద్దున తేటగా కనిపించిన శిఖరాలను మధ్యాహ్నానికి మబ్బులు కమ్మేసి, సాయంత్రానికి ఉరుములతో వాన కురవడం తరచుగా జరుగుతుంది. శరత్కాలంలోనూ చలికాలంలోనూ పరిస్థితి తలకిందులై, ఊరంతా పొగమంచులో మునిగి ఉండగా పైన శిఖరాల మీద ఎండ కాస్తూ ఉంటుంది. అందుచేత అక్కడివాళ్లు కిటికీలోంచి కనిపించే ఆకాశాన్ని మాత్రమే నమ్ముకోరు. రిగి, పిలాటుస్ రైళ్లు నడిపే సంస్థలు కొండ మీద అమర్చిన కెమెరాల దృశ్యాలను ఫోన్‌లో చూసుకొని గాని బయలుదేరరు. మీరూ లేవగానే ఆ పని చేయండి. పైన తేటగా ఉంటే ఫలహారం డబ్బాలో సర్దుకొని వెంటనే కదలండి; మబ్బు పట్టి ఉంటే ఆ రోజు ఊరికి ఇవ్వండి. టిక్కెట్లు ఖరీదైనవి, అంత డబ్బు పోసి తెల్లటి మబ్బులో నిలబడి రావడం ఎవరికైనా బాధే.

రెండు కొండలలో ఒక్కటే ఎక్కగలిగితే పెద్దవాళ్లున్న మీ కుటుంబానికి రిగి మేలని నా అభిప్రాయం. రైలు స్టేషన్ ఎదురుగా ఉన్న రేవులో పడవ ఎక్కితే, వెగ్గిస్ మీదుగా దాదాపు గంటలో విట్స్‌నౌ చేరుస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లే పళ్లచక్రపు రైలు (మధ్యనున్న పళ్లపట్టాను చక్రం పళ్లతో పట్టుకొని ఎక్కేది) 1871లో మొదలైంది; యూరప్‌లో కొండ ఎక్కిన అలాంటి తొలి రైలు అదే. పై స్టేషన్ నుంచి తిరుగుదారిలో కొంత దూరం నడవండి. దారి వెడల్పుగా ఉంటుంది, ఆవుల మెడగంటలు వినిపిస్తూ ఉంటాయి, మోకాళ్ల నొప్పితో బావగారు అలసిపోతే ఏ మజిలీలోనైనా మళ్లీ రైలు ఎక్కవచ్చు. కాల్ట్‌బాద్ దగ్గర దిగి, కేబుల్ కారులో వెగ్గిస్‌కు వచ్చి పడవ అందుకుంటే వెళ్లిన దారినే తిరిగి రానక్కరలేదు. స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే ఈ పడవలూ రిగి రైలూ అందులోనే వస్తాయి. పిలాటుస్‌కు మాత్రం సగం ధర చెల్లించాలి.

అయినా నువ్వు ఇంజనీరువు గనుక పిలాటుస్ రైలును చూడకుండా రాలేవని తెలుసు. 1889 నుంచి నడుస్తున్న ఆ మార్గం కొన్నిచోట్ల వంద మీటర్లకు 48 మీటర్ల వాలుతో ఎక్కుతుంది. అంత వాలులో మామూలు పళ్లచక్రం పట్టా మీద నుంచి పైకి లేచిపోయే ప్రమాదం ఉన్నందువల్ల, ఎడ్వర్డ్ లోఖర్ అనే ఇంజనీరు చక్రాలను అడ్డంగా పడుకోబెట్టి, మధ్యనున్న పళ్లపట్టాను రెండు పక్కల నుంచీ పట్టుకొనేలా అమర్చాడు. కొండ దిగువ స్టేషన్ అయిన ఆల్ప్‌నాఖ్‌స్టాడ్‌లో ఎక్కేముందు పట్టాల మధ్యకు వంగి చూస్తే ఇరువైపులా పళ్లు కనిపిస్తాయి.

వాన రోజున ఊళ్లో చూడవలసినది తక్కువేమీ లేదు. అందరూ ఫోటోలు దిగే ఆ చెక్క వంతెన, 14వ శతాబ్దపు చాపెల్ వంతెన, 1993 ఆగస్టులో తగలబడి, మరుసటి ఏడాది మళ్లీ తెరుచుకుంది. నడుస్తూ తల ఎత్తి దూలాల వంక చూడండి: రెండు కొసల్లోనూ నల్లబడిన పాత కలప, మధ్యలో దానికంటే లేత రంగు కలప, కప్పు కింద త్రికోణపు చిత్రాలలో చాలావాటి స్థానంలో ఖాళీ. అక్కడి నుంచి నది వెంబడి కొద్ది దూరం దిగువకు నడిస్తే, 19వ శతాబ్దంలో కట్టిన చిన్న ఆనకట్ట వస్తుంది. ఫోటోల తొందరలో చాలామంది దాన్ని దాటి పోతారు గాని నాకు ఆ ఊళ్లో అత్యంత ఇష్టమైన చోటు అదే. వరుసగా నిలబెట్టిన చెక్క పలకలే దాని తలుపులు. కొండల మీది మంచు కరిగి సరస్సు పెరిగినప్పుడు పనివాళ్లు వాటిని చేతులతో ఒక్కొక్కటిగా తీసి నీటిని వదులుతారు, నీరు తగ్గినప్పుడు మళ్లీ నిలబెడతారు. అక్కడ ప్రవాహం ఉరవడి ఎక్కువ గనుక పిల్లల చేయి వదలవద్దు. ముజెగ్ కోటగోడ మీది గడియారపు బురుజుకు ఊళ్లోని మిగతా గడియారాలకంటే ఒక నిమిషం ముందుగా గంట కొట్టే హక్కు ఉంది. గంటకు ఐదు నిమిషాల ముందే పైకి చేరుకొంటే పిల్లలు ముచ్చటపడతారు. ఎడతెగని వాన అయితే రవాణా మ్యూజియంలో రోజంతా గడిచిపోతుంది.

సరస్సు మీద తొక్కుడు పడవ అద్దెకు తీసుకుంటే ఒక్క విషయం మరవకండి. ఒడ్డున అక్కడక్కడా నారింజరంగు దీపాలు ఉంటాయి. అవి నిమిషానికి 40 సార్లు మెరిస్తే ఈదురుగాలి రావచ్చని జాగ్రత్త చెప్పడం, 90 సార్లు మెరిస్తే తుఫాను దగ్గరపడిందని, వెంటనే ఒడ్డుకు చేరమని అర్థం. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా ఆ దీపాన్ని లెక్కచేయకుండా ఉండవద్దు.

బస విషయానికి వస్తే, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోండి, అక్కయ్యకు బయటి భోజనం సరిపడదు. బియ్యం, పెరుగు, కూరగాయలు మీగ్రోస్, కోప్ దుకాణాలలో దొరుకుతాయి. కందిపప్పు, కారం, పచ్చళ్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. ఆదివారం స్టేషన్‌లోనివి తప్ప దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి గనుక శనివారమే సరుకులు తెచ్చుకోండి; ఆ ఉదయం నది ఒడ్డున సంత కూడా జరుగుతుంది. రాత్రి పది దాటాక ఇరుగుపొరుగుకు వినిపించేలా మాట్లాడటం అక్కడ పెద్ద తప్పు, పిల్లలకు ముందే చెప్పి ఉంచు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు.

టిట్లిస్ వెళ్లాలనే ఉంటే వెళ్లండి, కాని పై స్టేషన్ 3,020 మీటర్ల ఎత్తున ఉంటుంది; రక్తపోటు మాత్రలు వేసుకొనే బావగారు ముందుగా డాక్టరును అడిగి రావడం అవసరం. తేదీలు ఖాయమైన వెంటనే తెలియజేస్తే, ఏ వీధిలో బస వెతుక్కోవాలో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య