ఊరి సామూహిక అడవిని సర్పంచ్ లీజుకు ఇవ్వగలరా?

ప్రశ్న: మాది ఏజెన్సీ గ్రామం. అటవీ హక్కుల చట్టం కింద మా గ్రామసభకు సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం వచ్చింది. ఆ అడవి ఎవరూ నాటింది కాదు, తాతల కాలం నుంచీ ఉన్నదే. ఇప్పుడు సర్పంచ్, మరికొందరు కలిసి అందులో కొంత నరికించి, ఒక కంపెనీతో జామాయిల్ వేయిస్తామంటున్నారు. పత్రం ఊరి పేరు మీదే ఉంది కదా, మన ఇష్టం అంటున్నారు. ఆపగలమా?

జవాబు: ఆపగలరు. మీ దగ్గరున్నది భూమి పట్టా కాదు. తరతరాలుగా కాపాడుకొస్తున్న అడవిని రక్షించుకుని, నిర్వహించుకునే హక్కు అది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ఇచ్చింది అంతవరకే. ఆ హక్కును అమ్మడానికి గానీ, ఇంకొకరికి బదలాయించడానికి గానీ సెక్షన్ 4(4) ఒప్పుకోదు. ఇప్పపువ్వు, తేనె, వెదురు, తునికాకు ఏరుకుని అమ్ముకోవచ్చు. కలప అందులోకి రాదు. పైగా అడవిలో సహజంగా పెరిగిన చెట్లు తీసేసి తోట వేయాలన్నా, అటవీ భూమిని ప్రైవేటు సంస్థకు లీజుకివ్వాలన్నా 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి ముందే ఉండాలి. సర్పంచ్ సంతకంతో అయ్యే పని కాదు.

పంచాయతీ వేరు, గ్రామసభ వేరు. గ్రామసభ అంటే ఊళ్లో వయోజనులందరూ. అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. అడవికి హాని చేసే ఏ పనినైనా ఆపమని తీర్మానించే అధికారం అదే చట్టంలోని సెక్షన్ 5 ఈ సభకే ఇచ్చింది. దాని బలం తక్కువ కాదు. 2013లో సుప్రీంకోర్టు ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గనులు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలకే వదిలితే, అడిగిన 12 ఊళ్లూ వద్దన్నాయి. గనులు ఆగాయి.

కాబట్టి వెంటనే గ్రామసభ పెట్టమని రాతపూర్వకంగా అడగండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. కాపీలు సబ్‌కలెక్టర్‌కు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసరుకు, అటవీ శాఖ డీఎఫ్ఓకు ఇచ్చి రసీదు పెట్టుకోండి. ఈలోగా గొడ్డలి పడితే సభ కోసం ఆగకండి. రేంజ్ ఆఫీసులో ఫిర్యాదు చేసి, హైకోర్టులో రిట్ వేయించండి.

ఇంకో మాట, నా దృష్టిలో ఇదే ముఖ్యం. అటవీ హక్కుల చట్టం నిబంధన 4(1)(ఇ) కింద కమిటీ వేసుకుని అడవి నిర్వహణ ప్రణాళిక రాసుకున్నారా? చాలా ఊళ్లు పత్రం దాచుకుని ఇక్కడే ఆగిపోతాయి. కాగితం మీద ప్రణాళిక లేని అడవిని ఖాళీ జాగా అని చూపించడం తేలిక. ఏ చెట్లు ముట్టకూడదో, ఎండాకాలానికి ముందు ఫైర్ లైన్లు (మంటలు పాకకుండా శుభ్రం చేసే దారులు) ఎవరు తీయాలో, మొలకలు పైకొచ్చేదాకా ఎటువైపు మేత ఆపాలో, లంటానా కలుపు పొదలు ఎప్పుడు పీకాలో, వాగుల ఒడ్డున ఏం చేయకూడదో అందులో రాయండి. మొక్కలు నాటే పథకాలు ఎవరైనా తెస్తే తొందరపడి ఒప్పుకోవద్దు. పాత అడవి తన విత్తనంతో తనే మొలుస్తుంది, దానికి చోటిస్తే చాలు. ఈ ప్రణాళికను కూడా గ్రామసభలోనే ఆమోదింపజేయండి. రేపు కోర్టులో తీర్మానంతో పాటు దాన్నీ జతచేయాల్సి ఉంటుంది.